వంక పెట్టని బేరం

మహారాజశ్రీ అన్నయ్య గారికి, కలకత్తా నుంచి తమ్ముడు సూరి దండాలు పెట్టి రాయునది.

నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, వదిన, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను మూడు పూటలా తింటున్నానని చెప్పు. అమ్మకి అబద్ధం చెప్పడం నీకు చేతకాదు, అయినా చెప్పు.

ఇక్కడ వానలు విడవడం లేదు. ఒక్క గదిలో ఆరుగురం, ఉతికిన బట్ట ఆరదు. అన్నంలోకి ఆవనూనె కూర. చోడంబలి తాగి ఏడాది దాటింది. ఆమదాలవలసలో రైలెక్కే మనవాళ్లెవరైనా ఉంటే కాస్త చింతపండు పంపించు. జ్వరం తగ్గి నెలయినా నోరు చేదుగానే ఉంది.

నరసన్నపేట సంతలో మనిద్దరం ఎడ్ల బేరం చేసిన రోజులు ఈమధ్య తెగ గుర్తొస్తున్నాయి. గిత్త నచ్చిందంటే చాలు, నువ్వు వంకలు మొదలెట్టేవాడివి. "ఏటిది, పళ్లరిగిపోనాయి, మూపురం జారిపోనాది. నడక సూడు, కాలీడుస్తన్నాది. మేత దండగ" అనేవాడివి. రైతు ముఖం చిన్నబోయేది. నేనూ వంత పాడేవాణ్ణి. అక్కర్లేని గిత్త దగ్గర మాత్రం నోరు మెదపకుండా ముందుకి నడిచేవాళ్లం.

ఇక్కడ పొద్దున్నే జనపనార మిల్లు గేటు దగ్గర రానివాళ్ల బదులు పనిచేసే బదిలీ కూలీలం వరసగా నిలబడతాం. మాలోంచి ఆ రోజు పనికి మనుషుల్ని ఎంచే సర్దారు మన జిల్లావాడే. నన్ను చూడగానే, "ఒరే బక్కోడా, నారబేలు నువ్వు మోస్తావా, నిన్నే బేలు మోస్తాదా? ఎముకలు తప్ప ఏటున్నాదిరా నీకాడ?" అని తిట్టి లోపలికి తోసేవాడు. నాకు ఒళ్లు మండేది. గదికొచ్చి వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకునేవాణ్ణి.

జ్వరం నుంచి లేచినప్పటి నుంచి రోజూ వెళ్లి నిలబడుతున్నాను. వాడు నా భుజాలు చూస్తాడు, పక్కవాడి దగ్గరికి పోతాడు. ఒక్క వంక పెట్టడు. నెల రోజులుగా పని లేదు. నిన్న సిగ్గు విడిచి, "సర్దారూ, నానింకా పని సెయ్యగలను" అన్నాను. వినపడనట్టే వెళ్లిపోయాడు. అక్కడే గేటు ముందు ఏడుపొచ్చింది అన్నయ్యా.

ఊరికి వచ్చేస్తాను, రమ్మంటావా అని రెండు ఉత్తరాలు రాశాను. దేనికీ జవాబు రాలేదు. నీ మాట కాదని మిల్లుకొచ్చాను. నీకు కోపం ఉంటుంది, ఉండాలి కూడా.

అమ్మకి, వదినకి, పెద్దలందరికీ నా దండాలు. పిల్లలకి ముద్దులు. దీవించమని నిన్ను అడిగే ముఖం నాకు లేదు. తిట్టు అన్నయ్యా. కార్డు నిండా తిట్టి రాయి. జవాబు రాయకుండా మాత్రం ఉండకు.

నీ తమ్ముడు,
సూరి