మెడ మీద మచ్చ

అన్నయ్యా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదని పక్కింటి చెంచమ్మతో ఈ ఉత్తరం పంపుతున్నాను. మీ బావ మీద కేసు పెట్టొద్దు. నా మెడ మీద మచ్చ ఆయన పెట్టిన వాత కాదు. పత్తిచేలో కలుపు తీస్తుంటే ఏదో పాకింది, చేత్తో నలిపేశాను. ఎర్రగా, నల్లగా, చీమలాంటి పురుగు. మర్నాటికి కాల్చినట్టు బొబ్బలెక్కింది. దాని ఒంట్లో రసమే అలా కాలుస్తుందని కనిగిరి డాక్టరు గారన్నారు. అది చెప్పబోతుంటే నువ్వు "నోర్ముయ్యవే, వాణ్ణి వెనకేసుకు రావొద్దు!" అని కర్ర ఎత్తావు. బావ చెయ్యి విరిగింది. ఆయన నిన్నేమీ అనలేదు. నాకే కోపం తగ్గలేదు.

మొన్న వెళ్తూ మా వాకిట్లో నువ్వూ అలాంటి పురుగునే మోచేతి మీద చరిచావు. ఈపాటికి బొబ్బ తేలి ఉంటుంది. సబ్బుతో కడుక్కో, కళ్ళు నలుపుకోకు. ఎవరు కాల్చారని వదిన అడిగితే ఏం చెబుతావు?

నీ చెల్లెలు