యలమందయ్య కుంటలో కప్ప

పొదిలి,
9 ఆగస్టు 2024, శుక్రవారం.

మెహర్ బేటీకి, కరీముల్లా దాదా సలాములు, దువాలు.

ముందుగా నా చేతిరాతకు ఏమీ అనుకోకు. ఊరి బడిలో ఐదో తరగతితో ఆగినవాణ్ణి. వరసలు వంకరపోయినా, ఒత్తులు తప్పినా సర్దుకుని చదువుకో. ఇక్కడ అందరం క్షేమం. వాన పడింది. పత్తి మొలిచింది. బ్రాడీపేట హాస్టల్లో తిండి ఎలా ఉందో రాయి.

అసలు సంగతికి వస్తాను. నీ పరిశోధనకు కప్ప కావాలని అనుమతి కాగితం పట్టుకుని వచ్చావు. మన బావి దగ్గరి కప్పను సన్నగా ఉందని వదిలేశావు. మన పక్కింటి యలమందయ్య కుంటలో కప్పను పట్టుకెళ్లావు. పోనీలే అనుకున్నాను. ఇప్పుడు దాని కాలేయంలోని కణాన్ని పెద్ద మైక్రోస్కోపులో ఫోటో తీసి వాడికి పంపావు. నాకు పంపలేదు.

వాడి పొగరు చెప్పలేను. ఫోటోకు అద్దం కట్టించి వెంకటేశ్వరస్వామి పటం పక్కన తగిలించాడు. సాయిబూ, మీ బావి కప్పకు అసలు లివరే లేదంట గదా అని నలుగురిలో నన్ను ఎకసెక్కమాడాడు. పుల్ల పట్టుకుని పాఠం కూడా చెబుతాడు. నువ్వు రాసిన చీటీ కంఠతా పట్టాడులే. పొడుగ్గా ఉన్నవి మైటోకాండ్రియా అంట. కణానికి శక్తి అక్కడే పుడుతుందంట. లోపల మడతలంట. పక్కన పొరల మీద చుక్కలంట, ప్రోటీను తయారయ్యేది అక్కడంట. నల్లటి గుత్తులేమో కప్ప దాచుకున్న తిండి అంట.

ఆ మైటోకాండ్రియాను దొండకాయలంటాడు, తెలివితక్కువవాడు. లోపల అడ్డుపొరలుంటే నిలువునా చీల్చిన మిరపకాయ అవుతుంది గానీ దొండకాయ ఎట్లా అవుతుంది? ఆ చుక్కలు సాళ్లలో వేసిన పత్తిగింజలు. నేనైతే అట్లా చెప్పేవాణ్ణి.

నేనూ చూశాను ఆ ఫోటో. అద్దం చల్లగా ఉంది.

చిన్నప్పుడు వాన వెలిశాక నిన్ను భుజానెక్కించుకుని, ఏ అరుపు ఏ కప్పదో చెప్పింది నేను. వాడు కాదు. దాదాకు కుళ్లు అంటావేమో. అవును, కుళ్లే. నువ్వొచ్చి, నా పక్కన కూర్చుని, ఆ కణంలో ఏమేం ఉన్నాయో నీ నోటితో చెప్పు. వాడికి కాదు, నాకు.

తొందరగా జవాబు రాయి.

నీ దాదా,
కరీముల్లా

తా.క. అమ్మాయ్ మెహర్, ఈ ఉత్తరం రాసింది నేను, యలమందయ్యని. మీ దాదా మా అరుగు మీద కూర్చుని చెబుతుంటే, నన్ను తిట్టినవి కూడా మింగకుండా రాశాను. ఇప్పుడే గోడ పట్టుకుని నమాజుకు వెళ్లాడు. రెండు కళ్లకూ శుక్లాలు. నీకు తెలిస్తే చదువు వదిలి పరిగెత్తుకొస్తావని, చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఫోటో వాడు చూడలేదు. రోజూ వచ్చి అద్దం తడిమి, మళ్లీ చెప్పరా అంటాడు. నేను కావాలనే దొండకాయలంటాను. నన్ను తిట్టి సరిదిద్దిన పూట రెండు ముద్దలు ఎక్కువ తింటాడు.

వచ్చి ఆపరేషను చేయించు. జవాబు మాత్రం వాడి పేరునే రాయి. అందులో కళ్ల సంగతి ఎత్తకు. చదివి వినిపించేది నేనే గదా.