నేనాపిన అప్‌డేట్

ఒరేయ్ సుధాకరూ,

ఏమనుకోబాకరా, ఆలస్యమైంది. మీ చెల్లెలు హిమజ చావుకి అసలు కారణం వారం నుంచీ నీకు రాద్దామని కూర్చోవటం, గిరాకీ వచ్చిందని లేవటం. గిరాకీ అబద్ధం, భయం నిజం. షాపు కంప్యూటర్లో గబగబా కొడుతున్నా, తప్పులుంటే సర్దుకో. ప్రింటు తీసి మాచర్ల బస్సు డ్రైవరుకిచ్చి పంపుతా. ఫోన్‌కి ఎందుకు పంపలేదో చదివితే నీకే తెలుస్తది.

"మస్తాన్‌రావు అమ్మిన ఫోన్ మొరాయించదు" అని నరసరావుపేటలో అంటారే, ఆ కిటుకు చెబుతా విను. పెట్టె విప్పగానే స్క్రీనుకి గ్లాసు అంటిస్తా. ఆ చేత్తోనే అప్‌డేట్లు రాకుండా ఆపేస్తా. అవి వస్తే ఫోన్ నిండిపోద్ది, నెమ్మదిస్తది, జనం నా మీదకొస్తారు. పదేళ్ళుగా ఇదే అలవాటు. హిమజ ఫోన్‌కీ అంతే చేశా.

మొగుడి దెబ్బలు పడలేక రొంపిచెర్లలో తెలిసిన సారమ్మక్క ఇంట్లో తలదాచుకోటానికి పోయే ముందు రోజు హిమజ షాపుకొచ్చింది. చెంప వాచి ఉంది.

"అన్నా, నేనెక్కడికి పోయినా ఆయనకి తెలిసిపోతంది. దీంట్లో ఏమన్నా పెట్టాడేమో చూడన్నా."

మొత్తం తిరగేశా. వాడు వేసిన టార్చి యాప్ ఒకటుంది. దానికి లైటు వెలిగించే అనుమతి తప్ప ఇంకేం లేదు.

"శుభ్రంగా ఉందమ్మా."

"పోనీ ఇది పారేసి చిన్న ఫోన్ కొనుక్కోనా?"

"ఎందుకమ్మా దండగ? నే చెబుతున్నాగా!"

నా మాట నమ్మి నవ్విందిరా. నాలుగో రోజుకి వాడు సారమ్మక్క తలుపు కొట్టాడు. తీసింది హిమజే. ఆ తర్వాతది నేను రాయలేను, పాడె నువ్వే మోశావు.

ఆ ఇంటి అడ్రసు హిమజ మీ అమ్మకొక్కదానికే చెప్పింది. అందుకే దినాల రోజు అందరి ముందూ "నీ నోరే దాన్ని చంపింది" అన్నావు. మళ్ళీ ఆ గడప తొక్కలా.

పోయిన వారం నన్ను స్టేషన్‌కి పిలిచారు, హిమజ ఫోన్ కొన్న బిల్లు మన షాపుదని. ఫోన్లు పరీక్షించే ఆమె గుంటూరు నుంచి వచ్చింది, దీపశ్రీ గారంట. "ఈ యాప్ లైటు పేరుతో లోపలికొచ్చింది. సిస్టమ్‌లో ఒక కన్నముంది. అందులోంచి దూరి ఫోన్‌కే యజమాని అయి కూర్చుంది. ఇక దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, సెట్టింగ్స్‌లో కనపడాల్సిన పనీ లేదు. ఈమె ఎక్కడుందో ఎప్పటికప్పుడు అతనికి పంపింది" అంది. వాకిలి ఊడ్చటానికొచ్చి బీరువా తాళాలు బొడ్లో దోపుకున్నట్టన్నమాట.

"ఆ కన్నం పూడ్చే అప్‌డేట్ పోయినేడే వచ్చిందండీ. ఎవరో ఆపేశారు."

"ఎవరో కాదమ్మా, నేనే. రాసుకోండి" అన్నా. రాసుకుంది.

అక్కడ్నుంచి తిన్నగా మీ అమ్మ దగ్గరకి పోయా. "కోటేశ్వరమ్మ పిన్నీ, అది నీ వల్ల కాదు, నా వల్ల" అని అంతా చెప్పా. నమ్మలా.

"నన్ను ఊరడించబాకయ్యా. నేనే యాడో నోరు జారుంటా. గుర్తు రావట్లా గానీ, నా కొడుకు ఊరికే అనడు."

చెయ్యని తప్పుని వెతుక్కుంటందిరా మనిషి. పాలాయనతో ఏమన్నా అన్నానా, పక్కింటి దేవమ్మతో అన్నానా అని అందరినీ అడుగుతా తిరుగుతంది. నా ముందే దేవమ్మని మళ్ళీ అడిగింది. "లేదే పిచ్చిదానా, ఎన్నిసార్లు చెప్పాలే" అని ఆమె ఏడ్చింది. పళ్ళెంలో అన్నం అట్టాగే ఎండిపోయుంది.

నా దగ్గర కొన్న ఫోన్లన్నీ తెమ్మని షాపు ముందు బోర్డు పెట్టా. ఇప్పుడు రోజంతా అప్‌డేట్లు చెయ్యటమే పని. నీది కూడా నేనమ్మిందే, అందులో ఏం దూరి చూస్తందో తెలీదు, అందుకే ఈ కాగితం. వచ్చేటప్పుడు తీసుకురా.

నన్ను తిడతావో కొడతావో నీ ఇష్టం, అడ్డం చెప్పను. అది తర్వాత. ముందు పిన్నికి నీ నోటితో చెప్పాలి. నువ్వేసిన నింద నువ్వు తీస్తేనే పోద్ది, నేను చెబితే పోలా. నేను వాకిట్లోనే నిలబడతా, నువ్వు రమ్మంటేనే లోపలికొస్తా. ఎప్పుడొస్తావురా?

నీ
మస్తాన్‌రావు