హార్మోనియం మీది ఎర్ర మరకలు

బిడ్డా నాగరాణీ,

ఫోన్ల చెప్తే నడుమ అడ్డమొస్తవు. అందుకే కాయితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్న. ఆన్‌లైన్ వేలంల పెట్టిన హార్మోనియంది నువ్వు పంపిన వీడియో నేనూ మీ చిన్నమ్మా చూసినం. అది కంపెనీ పెట్టె కాదు, ఎవరో చేత్తోని చేసింది. మెట్లు ఒత్తకుండ తిత్తి ఊపితే గాలి బయటికి పోతలేదు, అంటే తోలు మంచిగున్నది. ఒక్క మెట్టు గురగురమంటున్నది, అది నేను సాపు చేస్త.

"ముందట ఎర్ర మరకలున్నయి, అందుకే ఎవరూ వేలం పాడుతలేరు, మనకెందుకు చిన్నాయినా" అని రాసినవు. పిచ్చిదానా, అవి మరకలా? దసరా దసరాకు పెట్టిన కుంకుమ బొట్లు. పోయినేడు మన భజన పెట్టెకు పెట్టింది నువ్వే గద! అంత మందంగ పేరుకున్నయంటే ఏ ఇంట్లనో దాన్ని ఏండ్లకేండ్లు వాయించిన్రు. మూలకు పడేసిన పెట్టెకు బొట్టు ఎవరు పెడ్తరు?

మన పెట్టె ఖరాబైనంక శనివారం భజన ఉత్త తాళాల మీదనే నడుస్తున్నది. ఫికర్ లేకుండ వేలం పాడు. అమ్మేటాయన తుడిచి పంపుతనంటే మాత్రం వద్దను. దసరాకు జడ్చర్ల నుంచి వచ్చినంక, వాటి మీదనే నీ చేత్తోని ఇంకోటి పెడుదువు.

నీ రాక కోసం చూసే
మీ చిన్నాయిన, మర్రిగూడ