మూడో కంచం

ఖమ్మం,
ఆషాఢ మాసం.

అక్కకు,

నీ కాళ్ళకు దండం పెట్టి రాస్తున్నాను. నేనిక్కడ చల్లగానే ఉన్నాను. నువ్వూ బుజ్జీ ఎలా ఉన్నారు? పక్కింటి పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? చర్లలో వానలు మొదలయ్యాయని బస్సులో వచ్చినవాళ్ళు చెప్పారు. ఇక్కడ ఇంకా ఉక్కపోతే. హాస్టల్ సాంబారులో ముక్క కోసం గరిటె తిప్పీ తిప్పీ చెయ్యి నొప్పి పుడుతోంది. అయినా కడుపు నిండా తింటున్నాను, నువ్వు బెంగపడకు. ఎవరైనా ఇటు వస్తే కాస్త చింతపండు పంపు.

ఆషాఢం కదా, పెళ్ళిళ్ళు లేవు. నేను పనిచేసే స్టూడియోలో పెళ్ళిళ్ళు తీసే వీడియో కెమెరా ఖాళీగా ఉంది. మా సారు ఊరుకునే మనిషి కాదు. "సరోజా, కెమెరా ఊకే పడుంది. పది నిమిషాల దయ్యం సినిమా తీద్దాం పా" అన్నాడు. లైటు పట్టుకునే ఆయనకు తెల్లచీర కట్టి, సవరం పెట్టి, అటక మీద నుంచి దూకించాం. ఆయన దూకగానే నేను ఇత్తడి తాంబాళం ఫెడీమని కొట్టాలి. అదీ నా పని!

తీసింది టీవీలో వేసి, చూడటానికి పక్కకొట్టు టైలరన్నను పిలిచాం. తాంబాళం మోగగానే అన్న చేతిలో చాయ్ కొత్త ప్యాంటు మీద పడింది. సారు మురిసిపోయాడు. కానీ రెండోసారి వేస్తే అన్నే వేలు చూపించి, "ఆగున్రి, ఇప్పుడు దుంకుతడు సూడున్రి" అని పడీపడీ నవ్వాడు. మర్నాటికి ఎవరికీ గుర్తే లేదు. సారు ముఖం మాడ్చుకుని, "గట్ల ఉలిక్కిపడ్డరు గదా, మరి ఆ భయం ఏడికి పోయింది?" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది అక్కా. నిజంగానే ఏడికి పోయింది? ఏ భయం మనిషిని విడవకుండా ఉంటుంది? కనిపించినవాళ్ళనల్లా అడిగాను. హాస్టల్లో పిల్లలు బల్లి అన్నారు, పరీక్ష అన్నారు. టైలరన్న మాత్రం కాసేపు మిషను ఆపాడు. "ఒకామె కొలతలిచ్చి పోయి జాకెట్టు కోసం మళ్ళ రాలే. ఏడేండ్లయింది. ఇచ్చేద్దామంటే ఆమె ఎవరో తెల్వదు, పారేద్దామంటే చెయ్యి రాదు. ఆ మూలకు చూడాలంటే ఇప్పటికీ ఎట్లనో ఉంటది చెల్లే" అన్నాడు.

అప్పుడు నాకు మనిల్లు గుర్తొచ్చింది. నన్ను తిట్టకు.

సారుతో చెప్పి ఇంకో సినిమా తీయించాను. ఎనిమిది నిమిషాలు. సారు భార్యే అందులో తల్లి. ఇంట్లో తల్లీ కూతురూ ఇద్దరే. ఆమె మూడు కంచాలు పెడుతుంది. మూడు కంచాల్లోనూ వడ్డిస్తుంది. ఇద్దరూ తమ తమ కంచాల్లోది తింటారు. తిన్నాక ఆమె మూడో కంచంలో చల్లారిన అన్నం కోళ్ళకు వేసి, ఎవరూ తినని ఆ కంచాన్ని కూడా తోమి బోర్లిస్తుంది. అంతే. తాంబాళం లేదు, దయ్యం లేదు.

ఎవరూ ఉలిక్కిపడలేదు. టైలరన్న చాయ్ తాగకుండానే వెళ్ళిపోయాడు. నాలుగు రోజులయ్యాక సారు భార్య మధ్యాహ్నం అన్నానికి ఒక కంచం ఎక్కువ తెచ్చి, అది చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయిందట. సారు వాళ్ళమ్మ నా మీద కేకలేసింది: "ఏం సినిమా తీసిన్రే! ముద్ద దిగుతలేదు." సారుకు మాత్రం పండుగే.

ఇప్పుడు చిక్కు వచ్చిపడింది. కేబుల్ టీవీ ఆయన వచ్చే ఆదివారం వేస్తానంటున్నాడు. భద్రాచలం, చర్ల వైపు కూడా ఆయన మనుషులున్నారట. నువ్వు ఎవరింట్లోనో చూస్తావేమో! బావ వెదురు నరికే పనికి అడవిలోకి పోయి మూడేళ్ళుగా తిరిగి రాకపోయినా, ఆయన కోసం పూటపూటా నువ్వు పెట్టే కంచం అది. నిన్ను అడగకుండా ఊరికి చూపించబోయాను. తప్పే. సారుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన క్యాసెట్టు తీసి నా చేతిలో పెట్టి, "మీ అక్క సరేనంటెనే ఏద్దాం. వద్దంటే నీ చేత్తోనే దీని మీద పెండ్లి ఎక్కియ్యి" అన్నాడు.

అందుకే ఈ ఉత్తరం. వద్దంటే శ్రావణంలో మొదటి పెళ్ళే దాని మీద ఎక్కించి సినిమా చెరిపేస్తాను. నాకేం బాధ లేదు, ఒట్టు.

ఒక్క మాట చెప్పాలి. ఇక్కడందరూ ఆ కంచం చూసి భయపడుతున్నారు. నీ పక్కన కూర్చుని తిన్నన్నాళ్ళూ నేను దాన్ని చూసి ఎప్పుడూ భయపడలేదు. నువ్వు కంచాలు తీసే చప్పుడు వినపడగానే లెక్కపెట్టుకునేదాన్ని. ఏదో ఒక పూట ఒకటి తక్కువ పెడతావేమోనని, అదీ నా భయం. ఇంత దూరం వచ్చినా అది పోలేదు.

పెద్దమ్మకు, మీ అత్తగారి వైపు పెద్దలకు నా దండాలు చెప్పు. బుజ్జికి ముద్దులు. నీ దీవెన నా మీద ఉండనీ. సినిమా సంగతి తీరిగ్గా ఆలోచించి రాయి. ఇది మాత్రం వెంటనే రాయి అక్కా, ఆ కంచం ఇంకా పెడుతున్నావు కదా?

నీ చెల్లెలు,
సరోజ