అవ్వ బొమ్మ ఉన్న పెండ్లి కార్డు

గౌడవెల్లి,
12 జనవరి 1996

చిరంజీవి ఆమనికి,

గౌడవెల్లి నుంచి లక్ష్మీకాంతమ్మ దీవించి రాసేది. నువ్వు నన్ను ఎరుగవు గానీ నీ చేతిగీత నేనెరుగుదును. బొల్లారంలో మా ఆడబిడ్డ కొడుకు పెండ్లి కార్డు మీద నువ్వు గీసిన ఎడ్లబండిని చూసి, వెనక సన్నటి అక్షరాలతో ఉన్న నీ అల్వాల్ అడ్రసు పట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా బిడ్డ వర్ష పెండ్లి ఫాల్గుణంలో పెట్టుకున్నాం. కార్డుల కోసం సికింద్రాబాద్ పోయి వచ్చాం. అక్కడ కార్డు తెరిస్తే పాట పాడుతోంది, మూస్తే చేతికి మెరుపు అంటుకుంటోంది. ధర అడిగాక మా ఆయన బాలేష్ మేడ్చల్ దాకా వేళ్ళ మీద లెక్కలు వేస్తూనే ఉన్నాడు. పైగా అన్నిటి మీదా అదే పల్లకి, అదే వినాయకుడు. మాకు ఒక్క రంగులో, చౌకగా, చేత్తో గీసింది కావాలి.

ఇక అసలు సంగతి. కార్డు మీద మా అమ్మ ఈదమ్మ ముఖం ఉండాలి. మా పిల్లలతో పాటు నేనూ ఆమెను అవ్వ అనే పిలుస్తాను. నాకు ఒక్కడే తమ్ముడు, నరసింహ, శామీర్‌పేటలో ఉంటాడు. నాయిన పోయాక అవ్వ నా దగ్గర ఉంటానంది. "కొడుకును నేనుండంగ అల్లునింట్ల ఉంటదా" అని వాడు అలిగాడు. తల్లి నోటితో పిలిస్తేనే మా గడప తొక్కుతానన్నాడు. "కన్నతల్లిని చూడనీకి పిలుపు గావాల్నా" అని ఈమె. ఇన్నేళ్ళుగా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. నేను పిలిస్తే రాడు, మా ఆయన పోయి బతిమాలితే తలుపు తీయలేదు.

పెండ్లికూతురిని మేనమామ ఎత్తుకొచ్చి మండపంలో కూర్చోబెట్టాలి గదా. వాడు రాకపోతే నాకిది పెండ్లి కాదు. కార్డు మీద తల్లి ముఖం చూస్తేనన్నా కరుగుతాడని నా ఆశ. ఆదివారం ప్యాసింజర్ ఎక్కి వచ్చి అవ్వను గీసుకుపో.

ఇట్లు,
లక్ష్మీకాంతమ్మ

తా.క. అవ్వ పళ్ళతో గీయమంటోంది. ఆమె నోట్లో ఒక్కటీ లేదు. ఎట్లా గీస్తావో నీ ఇష్టం.

*

అల్వాల్,
24 జనవరి 1996

గౌరవనీయులైన లక్ష్మీకాంతమ్మ గారికి,

ఆమని నమస్కారాలు. మీ ఇంట్లో తిన్న సర్వపిండి రుచి ఇంకా నాలుక మీదే ఉంది. ఇంటికి కట్టి ఇచ్చింది మా అమ్మ తినేసింది.

అవ్వ బొమ్మ పెన్సిల్ గీత ఈ ఉత్తరంతో పంపుతున్నాను. కోడిగుడ్డు ఆకారంలో ఒక చట్రం, అందులో ముఖం, కింద పెండ్లి వివరాలు. ఎర్ర రంగు అందరూ వేస్తారు కాబట్టి నేను ముదురు కాఫీ రంగు కలుపుతున్నాను. తడిగా ఉన్నప్పుడు పట్టుచీరలాగా మెరుస్తోంది. అచ్చు కూడా నేనే తీసి బట్టల తీగ మీద ఆరేస్తాను కాబట్టి ప్రెస్సు ఖర్చు ఉండదు.

ఏమైనా మార్చాలంటే వెంటనే చెప్పండి. ఇది నాకు దొరికిన మూడో ఆర్డరు. మంచిపేరు రావాలి.

మీ
ఆమని

తా.క. పళ్ళతో ఒకటి గీశాను. మా పక్కింటి పిల్ల చూసి ఏడ్చింది. అందుకని నోరు మూయించాను.

*

గౌడవెల్లి,
28 జనవరి 1996

చిరంజీవి ఆమనికి,

దీవెనలు. బొమ్మ అందింది. అవ్వ అద్దం పక్కన పెట్టుకుని పొద్దంతా చూసింది. ముందు "ఇది నేను గాదు, మా అత్త" అంది. సాయంత్రానికి మెత్తబడింది. కానీ ముఖం చుట్టూ బోసిగా ఉందట. ఆ చట్రం చుట్టూ బంతిపూల దండ గీయమంటోంది, అదీ నిండుగా. కింద అటొకటి ఇటొకటి దీపాలు కూడా పెట్టమంది. పెద్దామె ముచ్చట, కాదనకు.

ఇంట్లో పసుపు దంచుతున్నాం, చీరలకు పోవాలి, వంటవాళ్ళు ఇంకా కుదరలేదు. నాకు ఊపిరాడడం లేదు. బొమ్మ నాకు మళ్ళీ చూపించాల్సిన పని లేదు, గీసెయ్.

ఇట్లు,
లక్ష్మీకాంతమ్మ

తా.క. నవ్వకుండా గంభీరంగా ఉంచమంటోంది. మొన్న పళ్ళు కావాలన్న మనిషేనా అని నాకే అనుమానం వచ్చింది.

*

అల్వాల్,
1 ఫిబ్రవరి 1996

లక్ష్మీకాంతమ్మ గారికి,

నమస్కారాలు. దండ వేశాను. ఒక్కో పువ్వూ విడిగా గీశాను, మెడ పట్టేసింది. దీపాలు కూడా బాగా కుదిరాయి. అవ్వ ముఖం ఇప్పుడు ఎంత ప్రశాంతంగా ఉందో చూస్తే మీకు చెయ్యెత్తి మొక్కబుద్ధవుతుంది. రేపటి నుంచి అచ్చు మొదలు.

మీ
ఆమని

తా.క. కవర్ల మూలలకు పసుపు నేనే పెట్టి పంపనా? మా ఇంట్లో మంచి పసుపు ఉంది.

*

గౌడవెల్లి,
4 ఫిబ్రవరి 1996

చిరంజీవి ఆమనికి,

దీవెనలు. బౌరంపేట్ నుంచి మా వియ్యంకుడు కబురు చేశాడు. ముహూర్తం వారం ముందుకు జరిగింది. ఇక కార్డులు ఇక్కడికి తెప్పించి, మళ్ళీ పోస్టు చేసే తీరిక లేదు. అడ్రసులు ఇందులో పెట్టాను, నువ్వే అల్వాల్ నుంచి పోస్టు చెయ్. నరసింహ కార్డు మొదట వేయాలి.

పసుపు మాత్రం నువ్వు పెట్టొద్దు. అవ్వ ఖరాఖండిగా చెప్పింది. "పసుపు మన చేతితోనే పెట్టాలె, ఇంటింటికి బొట్టు పెట్టి పిలువ పోయినప్పుడు పెట్టుకుందాం" అంది. పెద్దవాళ్ళ పట్టింపులు మనకేం తెలుసు.

ఇట్లు,
లక్ష్మీకాంతమ్మ

తా.క. ఈ మధ్య అవ్వ నీ ఉత్తరం ఎప్పుడొస్తుందా అని గుమ్మం దగ్గరే కూర్చుంటోంది. నా పెండ్లికి కూడా ఇంత హుషారు లేదు.

*

అల్వాల్,
8 ఫిబ్రవరి 1996

లక్ష్మీకాంతమ్మ గారికి,

నమస్కారాలు. మీరు చెప్పింది చెప్పినట్టు చేశాను, కొత్త తేదీ కూడా వేశాను. అన్నీ పోస్టు చేశాను, మొదటిది శామీర్‌పేటకే. పసుపు చుక్క కూడా తగలనివ్వలేదు. కాఫీ రంగు ఆరాక కాస్త నలుపు తిరిగింది గానీ హుందాగానే ఉంది. గుండెల మీది బరువు దిగింది. ఇక మీరు నిశ్చింతగా చీరలు చూసుకోండి.

మీ
ఆమని

తా.క. కవర్లలో కార్డులు పెడుతుంటే మా పోస్టాఫీసులో పెద్దాయన ఒకటి చూసి "అయ్యో పాపం" అన్నాడు. ఒక్కదాన్నే ఇంత పని చేశానని జాలిపడ్డాడు కాబోలు.

*

గౌడవెల్లి,
11 ఫిబ్రవరి 1996

కుమారి ఆమని గారికి,

నమస్కరించి రాయునది. ఈ ఉత్తరం మా ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. ఆయన ఎదుటే చదవండి.

పొద్దున నేను పెరట్లో పసుపు చెరుగుతుండగా వీధి మొదట్లో ఏడుపు మొదలైంది. దుండిగల్ యాదవ్వ, మా అవ్వకు వరసకు మరదలు, ఆటో దిగి రొమ్ము బాదుకుంటూ వస్తోంది. ఆమె వెనక దండలు పట్టుకుని ఇంకో ఆటో నిండా జనం. మా వాకిట్లో ఎవరు పోయారో తెలియక చేట పడేసి పరుగెత్తాను. అవ్వ అరుగు మీద అనపకాయలు ఒలుస్తోంది. యాదవ్వ కండ్లు మూసుకుని వచ్చి, చేతికి దొరికిన మెడను పట్టుకుని బోరుమంది. ఆ మెడ అవ్వదే.

"ఎవరు పోయిండ్రే?" అంది అవ్వ.

"నువ్వే గద వదినా" అని ఏడుస్తూనే యాదవ్వ కండ్లు తెరిచింది.

"గట్లనా, ఎప్పుడు?" అంది అవ్వ.

అవ్వ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఎట్లన్న వచ్చినవు గద, ఏడ్వు. ఏమేం అంటవో వింట" అంది.

అప్పుడు యాదవ్వ చేతిలోని కార్డు మొదటిసారి చూశాను. నల్లటి బొమ్మ, చుట్టూ దండ, కింద రెండు దీపాలు, ఎక్కడా పసుపు లేదు. అది పెండ్లి కార్డా, దినాల కార్డా? అడుగున వర్ష పెండ్లి అని అచ్చయి ఉంది. ఆ దండ దాటి ఒక్కరూ కిందికి చదవలేదు. మీరు అన్ని రోజులు తీగ మీద ఆరేసుకున్నారు గదా, మీకన్నా తోచవద్దా?

మధ్యాహ్నానికి బౌరంపేట్ నుంచి కబురొచ్చింది. మైల ఇంటితో శుభకార్యం వద్దు, సంవత్సరీకం దాకా ఆగుదామని. ముసలామె బతికే ఉందని మనిషిని పంపితే, పెండ్లి ఆగొద్దని దాస్తున్నామనుకున్నారట. నా బిడ్డ గదిలో నుంచి బయటికి రావడం లేదు.

ఇదంతా ఒకెత్తు. తల్లి చచ్చిందని కార్డు పోయినా నరసింహ రాలేదు. నాకు అన్నిటికంటే అదే మండుతోంది.

ఇట్లు,
లక్ష్మీకాంతమ్మ

తా.క. ఇంకా ఎవరెవరు వస్తారని అవ్వ అడుగుతోంది. యాదవ్వ ఏడుపులో అవ్వ పెట్టే మామిడికాయ తొక్కును పొగడడం మరిచిపోయిందట.

*

అల్వాల్,
12 ఫిబ్రవరి 1996

లక్ష్మీకాంతమ్మ గారికి,

మీ కాళ్ళకు మొక్కి రాస్తున్నాను. ఉత్తరం చదివి బాలేష్ గారి ఎదుటే ఏడ్చాను. ఆయన పాపం నాకే మంచినీళ్ళు తెచ్చిచ్చారు. నా కండ్లు గీతల్నే చూశాయి తప్ప బొమ్మను చూడలేదండీ. కొత్త కార్డులు నా ఖర్చుతో ఎర్రగా వేసి, రేపు నేనే బౌరంపేట్ వెళ్ళి మీ వియ్యంకుడు గారికి చెప్పుకుందామనుకున్నాను.

ఇంతలో ఇవాళ పొద్దున ఒకాయన వచ్చాడు. అప్పుడే గీయించుకున్న గుండు, మీసం లేదు, చేతిలో మన కార్డు. వెనక అడ్రసు చూసి వెతుక్కుంటూ వచ్చాడట. కూర్చోమన్నా కూర్చోలేదు.

"గీ బొమ్మ పెద్దగ గీసియ్యవా బిడ్డా? మా అవ్వ ఫోటో నా దగ్గర ఒక్కటి గూడ లేదు" అన్నాడు.

తల్లి పోయినా ఎవరూ చెప్పలేదని, పెద్దకర్మకు ఏ ముఖంతో పోవాలో తెలియక రెండు రోజులు ఇంట్లోనే పడుకున్నానని అన్నాడు. వేలుతో కార్డు అడుగున చూపించాను. ఆయన వర్ష పేరు చదివాడు, మళ్ళీ చదివాడు. తర్వాత మా మెట్ల మీద కూలబడి ఏడుస్తూ నవ్వాడు. మా అమ్మ టీ తెచ్చేలోగా స్కూటరు ఎక్కి వెళ్ళిపోయాడు. చెప్పులు ఇక్కడే ఉన్నాయి.

ఈ ఉత్తరం కంటే ముందే ఆయన మీ గుమ్మంలో ఉంటాడు.

మీ
ఆమని

తా.క. ఆయన స్కూటరు స్టార్టు చేస్తూ "నా మీసం" అని ఒక్క మాట అన్నాడు.

*

గౌడవెల్లి,
15 ఫిబ్రవరి 1996

బిడ్డా ఆమనీ,

మనసారా దీవించి రాస్తున్నాను. మొన్నటి ఉత్తరంలో నిన్ను గారూ అన్నాను, దాన్ని చించి పారెయ్.

వచ్చాడమ్మా నా తమ్ముడు. వట్టి కాళ్ళతో, గుండుతో వాకిట్లో నిలబడ్డాడు. వాడిని నేనే ముందు గుర్తుపట్టలేదు. అవ్వ గుర్తుపట్టింది.

"నేను పిలిచిన్నారా?" అని అడిగింది.

"లేదవ్వా."

"మరెట్లొచ్చినవ్?"

వాడు ఆమె ఒళ్ళో తల పెట్టాడు. అవ్వ ఆ బోడిగుండు మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు. మేమంతా ఏడ్చాం. ఈసారి యాదవ్వ కంటే నేనే గట్టిగా ఏడ్చాను.

తర్వాత వాడు అవ్వను స్కూటరు మీద ఎక్కించుకుని బౌరంపేట్ పోయాడు. వియ్యంకుడి ఇంట్లో ఆమె రెండుసార్లు పులిహోర పెట్టించుకుని, వాళ్ళ చింతపండులో పస లేదని చెప్పి వచ్చింది. ఆ మాటతో వాళ్ళకు నమ్మకం కుదిరింది. పెండ్లి అనుకున్న ముహూర్తానికే. మేనమామ తలకు రుమాలు చుట్టిస్తున్నాం, అడిగినవాళ్ళకు తిరుపతి మొక్కు అని చెబుతున్నాం. వర్ష నిన్నటి నుంచి పాడుకుంటూ తిరుగుతోంది. నా గుండె ఇప్పుడు దూదిలాగా ఉంది.

ఇక నువ్వు చెంపలు వేసుకోవద్దు, తప్పు నీది కాదు. నిన్న అందరం అన్నం తింటుంటే అవ్వ ఆ కార్డు అటూ ఇటూ తిప్పి "దండ ఇంకింత నిండుగ గీయమంటి గద" అని గొణిగింది. నా చేతిలో ముద్ద ఆగిపోయింది. దండ అడిగింది ఎవరు? దీపాలు? నవ్వొద్దని, పసుపు పెట్టొద్దని అన్నది ఎవరు? నేను ఒక్కొక్కటీ అడుగుతుంటే ఆమె చారు పోసుకుంటోంది.

"పెండ్లికి పిలువలేదని అలుగుతరు. దినాలకు ఎవడన్న పిలుపు కోసం కూసుంటడా?" అంది. కొడుకు వైపు చూసి, "నేను పోయినంక వస్తవని నాకెరుకే. వచ్చింది నేను చూడొద్దా?" అంది.

నరసింహ కంచం జరుపుకుని ఆమె పక్కన కూర్చున్నాడు.

నువ్వూ మీ అమ్మా పెండ్లికి ముందురోజే రావాలి. వాడి చెప్పులు తెచ్చివ్వు. పెద్ద బొమ్మ కూడా గీసి తే, ఈసారి పళ్ళతోనే.

ఇట్లు,
లక్ష్మీకాంతమ్మ పెద్దమ్మ

తా.క. మా ఆయన నీ దగ్గర నుంచి తెచ్చిన మిగతా కార్డులు కాల్చేద్దామంటే అవ్వ పెట్టెలో దాచిపెట్టింది. "నేను నిజంగ పోయిన నాడు గివే పంపుండ్రి. మళ్ళ పెండ్లే అనుకొని అందరు కొత్త బట్టలేసుకొని, నవ్వుకుంట వస్తరు. నాకు గట్లనే గావాలె" అంటోంది.