మిషన్ల హోరు, నా చెవులు

అమ్మకు,
నేను కులాసా. ఫోన్లో చెబితే నాన్నకు వినపడదని కార్డు రాస్తున్నాను. నేను కొన్న, బయటి హోరును ఆపే హెడ్‌ఫోన్ షాపులో తిరిగిచ్చెయ్యమన్నావు. ఇవ్వను. వారం రోజులు మా కుట్టుమిషన్ల హాల్లో పెట్టుకుని చూశాను. చెవులకు చెమట పడుతోంది, కళ్లజోడు కాడలు నొక్కుకుంటున్నాయి, ఒప్పుకుంటాను. కానీ మోటార్ల హోరు మాయం.

నిన్న సూపర్‌వైజరు నా మీద విరుచుకుపడ్డాడు. "పాటలు వింటూ కుడితే సూది పాడైనా నీకు తెలుస్తుందా?"

"పాటల్లేవు సార్, మీరే చూడండి" అని తీసి ఆయన తలకే తగిలించాను. కాసేపు నిలబడి, నా వెనక మిషను వైపు తిరిగాడు. "దీని సూది మొద్దుబారింది, టక్కుటక్కుమంటోంది!" హోరులో పొద్దుట్నుంచీ ఎవరికీ వినపడని చప్పుడది. హెడ్‌ఫోన్ నా చేతికిచ్చి వెళ్లాడు.

అలమరలో నా సన్నకాడల కళ్లజోడుంది, పంపు. నాన్నను చెవుల డాక్టరుకు చూపించావా? ముప్పై ఏళ్లు మిషన్ల మధ్య కూర్చుని ఆయన చెవులు పోగొట్టుకున్నాడు. నావి పోనివ్వను. చెల్లికి ముద్దులు, మీ ఇద్దరికీ నమస్కారాలు. ఈ కార్డు నాన్న చేతికే ఇవ్వు. హెడ్‌ఫోన్ తిరిగిచ్చెయ్యమని ఆయన తన చేత్తో రాస్తే, అప్పుడిస్తాను.

నీ పెద్దకూతురు